అద్దెకిచ్చు తీగలేని మైకు

మన పల్లెలలో నేడు మైకు లేని కూడిక యరుదు. పెండ్లి, గృహప్రవేశము, సువార్త కూటము, పాఠశాల వార్షికోత్సవము, గతించినవారి జ్ఞాపకార్థ కూడిక, వీనిలో దేనికైనను మొదట అద్దెకు వచ్చునవి రెండు: షామియానా, మైకుసెట్టు. షామియానా వేయుటకు పనివారు వెంట వత్తురు. గాలికి కూలినచో వారే మరల నిలువబెట్టుదురు. మైకుసెట్టు సంగతి వేఱు. పెద్ద సభలకు దానితోకూడ నొక మనుష్యుడు పోవును గాని, నలువదిమంది కూడు ప్రార్థనకు ఆ కూలి యిచ్చుకొనగలవారు తక్కువ. అట్టివారికి పెట్టెను చేతికిచ్చి పంపుటయే వాడుక. ఆ పెట్టె మూత తెఱచువాడు సంఘపు పెద్దయో, బడిపంతులో, పెండ్లికుమార్తె పినతండ్రియో యగును. వ్యవసాయమును, లెక్కలను, లోకవ్యవహారమును చక్కగ నెఱిగినవారే. యంత్రము మాత్రము వారి పని కాదు, కానక్కఱయు లేదు.

ధ్వనియంత్రముల నద్దెకిచ్చుట నా వృత్తి యగుటచే, ఏ తీగలేని మైకు కొనవలెనని నన్నడుగువారు పలువురు. వారిలో మిషను పాఠశాలల ప్రధానోపాధ్యాయులును, పాస్టరుగార్లును ఎక్కువ. తాము కొని, చుట్టుపట్ల గ్రామసంఘములకు స్వల్పమైన బాడుగకిచ్చి, ఆ వచ్చినదానితో సెల్లులు కొనుచు సెట్టును నిలుపుకొనవలెనని వారి యుద్దేశము. ఉద్దేశము మంచిదే. కాని బజారునకు పోయినతోడనే దుకాణదారుడు వారిముందు పఱచునవి ఎక్కువ మీటలు, ఎక్కువ దీపములు, ఎక్కువ మైకులు గల పెట్టెలు. తనకొఱకు కొనుకొనువాడు అట్టిది కొన్నను నష్టము లేదు. నాలుగు దినములు తంటాలుపడి నేర్చుకొనును. అద్దెకు తీసికొనువాడు దానిని సాయంకాలము 5 గంటలకు మొదటిసారి చూచి, 6 గంటలకు సభ నారంభింపవలెను. కావున అద్దెకిచ్చుటకు కొనునప్పుడు నేను చూచున దొక్కటే: పెట్టె తెఱచిన పిమ్మట అతడు చేయవలసిన పని యెంత మిగులుచున్నది? ఎంత తక్కువ మిగిలిన ఆ సెట్టు అంత మంచిది.

ఇది కేవలము సౌకర్యమును గూర్చిన మాట కాదు. మైకు పలుకకపోయినచో సభవారు మైకును చూడరు. దానిని పట్టుకొని నిలిచినవారిని చూతురు. ఎన్నడును నలుగురియెదుట నోరు విప్పని యొక స్త్రీ, పొరుగువారు బలవంతపెట్టగా సాక్ష్యము చెప్పుటకు లేచినదనుకొనుడు. మాట నడుమ తెగును. వెనుకనుండి యెవరో "గట్టిగా!" అని కేక వేయుదురు. ముందు కూర్చున్న పిల్లలు నవ్వుదురు. ఆమె కొంగు సవరించుకొని కూర్చుండును. మఱుసటి యేట అడిగినను లేవదు. సెట్టు పనిచేయలేదని బాడుగ సొమ్మును తిరిగి యిచ్చివేయవచ్చును గాని, ఆమె పోగొట్టుకొన్నదానిని తిరిగి యిచ్చుట నావంటివాని తరము కాదు.

తీగలేని మైకు పుట్టినప్పుడు అది పామరులకొఱకు పుట్టలేదు. 1953లో అమెరికా దేశపు షూర్ కంపెనీవారు 'వేగబాండ్', అనగా దేశదిమ్మరి, అను పేరుతో నొకదానిని అమ్మకమునకు పెట్టిరి. 1957లో జర్మనీ దేశమున సెన్‌హైజర్ కంపెనీవారు 'మైక్రోపోర్ట్' అనుదానిని వెలువరించిరి. నటులును, గాయకులును వేదికపై స్వేచ్ఛగా తిరుగుటకై యవి పుట్టినవి. అట్టిచోట్ల యంత్రమును కనిపెట్టి చూచు నిపుణులుందురు. ఇప్పుడు ఆ నిపుణుడు లేడు గాని యంత్రము మాత్రము ప్రతి బజారులోను కలదు. చిక్కంతయు అచ్చటనే యున్నది.

యంత్రము పనిచేయు విధమును విద్యార్థులకొఱకు కొంచెము చెప్పెదను. చేతిలోని మైకు ఒక చిన్న రేడియో కేంద్రము. అది మాటను విద్యుదయస్కాంత తరంగములపై నెక్కించి పంపగా, ఆంప్లిఫయరుచెంత నుండు రిసీవరు దానిని గ్రహించి, తీగద్వారా ఆంప్లిఫయరున కందించును. ఈ తరంగములు సెకనుకు 30 కోట్ల మీటర్ల వేగముతో పోవును. మైకు 600 మెగాహెర్ట్సుల పౌనఃపున్యమున, అనగా సెకనుకు 60 కోట్ల కంపనములతో, పలుకుచున్నచో, 30 కోట్లను 60 కోట్లచే భాగింపగా వచ్చు అర మీటరు దాని తరంగదైర్ఘ్యము. ఇప్పుడు మైకునుండి తరంగము రిసీవరునకు తిన్నగా నొక దారిని వచ్చును. గోడకో, రేకుల కప్పునకో తగిలి మఱియొక దారిని వచ్చును. రెండవ దారి మొదటిదానికంటె పావు మీటరు అధికమైనచో, ఒక తరంగముయొక్క శిఖరము మఱియొకదాని గుంటలో పడి రెండును క్షీణించును. అచ్చట మాట తెగును. మాటాడువాడు ఒక్క యడుగు ప్రక్కకు జరిగిన తిరిగి వచ్చును. సంగతి తెలియనివారు "వైరు లూజు" అని రిసీవరును మొట్టుచుందురు. పాపము, అది చేసిన నేరమేమియు లేదు.

ఈ బాధకు మందు రెండు యాంటెనాలు. ఒకటి నిలిచినచోట తరంగము చచ్చినను, జానెడు దూరములోని రెండవదానిచోట బ్రదికియుండును. రిసీవరు క్షణక్షణమును ఏది బాగుగ వినుచున్నదో చూచి దానినే స్వీకరించును. అద్దె సెట్టునకు ఈ యేర్పాటు తప్పక యుండవలెను. ఐతే ఇచ్చట నొక మెలకువ కలదు. రెండు మైకులు గల చౌకసెట్లు కొన్నిటికి రెండు యాంటెనాలు కనబడును గాని, అవి మైకున కొక్కటి చొప్పున నుండునవే; ఒకదాని కొకటి సాయము చేయవు. యాంటెనాలు విప్పుటకు వీలైనచో, దుకాణములోనే ఒకదానిని విప్పించి రెండు మైకులను పలికించుచు గేటువఱకు నడువవలెను. ఒక మైకు చక్కగ పలుకుచు రెండవది మూగవోయినచో ఆ రెండు కొమ్ములు అలంకారమునకే యని గ్రహింపవచ్చును.

తరువాత పౌనఃపున్యము మాట. ఇది మీటలకంటె ముఖ్యమైన ఎంపిక. కొన్న పిమ్మట మార్చుటకు వీలులేనిది. 2,400 మెగాహెర్ట్సులచుట్టు పనిచేయు మైకులు నేడు విరివిగా దొరకుచున్నవి. మన దేశమున ఆ వరుసలో స్వల్పశక్తి గల యంత్రములకు లైసెన్సు అక్కఱలేదని 2005లోనే నియమమేర్పడినది. మైకు, రిసీవరు ఒకదాని నొకటి వెదకికొని తామే జతకూడును. కనుక పామరుడు చేయవలసిన పని మిక్కిలి తక్కువ. ఇంతవఱకు నా మనసున కనుకూలమే. కాని వైఫై, బ్లూటూతు మొదలైనవియు అదే వరుసలో సంచరించుచున్నవి. తరంగదైర్ఘ్యమా, పండ్రెండున్నర సెంటీమీటర్లు; అంత పొట్టి తరంగమునకు మనుష్యశరీరము గొప్ప యడ్డు, ఏలయన శరీరమున నధికభాగము నీరు, నీరు దానిని మ్రింగును.

ఇందుచే కలుగు మోసమును వినుడు. క్రిస్మసు ముందటి దినమున సంఘపు పెద్ద ఖాళీ మందిరములో మైకును పరీక్షించును. బలిపీఠమునుండి తలుపువఱకు నడచి చూచును. మాట గంటవలె మ్రోగును. సంతోషించి ఇంటికి పోవును. మఱునాటి యుదయము మందిరములో అయిదువందలమంది. ప్రతి జేబులోను సెల్‌ఫోను. అదే యంత్రము, అదే స్థలము. ప్రసంగము నడుమ మాట ముక్కలు ముక్కలగును. ఖాళీ మందిరములో చేసిన పరీక్ష నిండు మందిరమునకు సాక్ష్యము కాదు. కావున 2,400 మెగాహెర్ట్సుల మైకును ఇంటి ప్రార్థనకును, తరగతి గదికిని, చిన్న కూడికకును నేను నిర్భయముగ ఇచ్చెదను. అప్పుడును రిసీవరును దూరమున నున్న ఆంప్లిఫయరుచెంత గాక మాటాడువానికి నాలుగైదడుగులలో నిలిపి, అచ్చటనుండి ఆంప్లిఫయరునకు పొడవైన తీగ వేయవలెనని చెప్పుదును. తీగలేని మైకునకు ఇంత తీగ యేల యని నవ్వినవారు కలరు. నవ్వనిండు. పెద్ద మందిరమునకును, బహిరంగ సభకును మాత్రము ఇంతకు తక్కువ పౌనఃపున్యమున పలుకునట్టి, యు.హెచ్.ఎఫ్. అనబడు వరుసలోని సెట్టు మేలు.

ఆ వరుసలోను అన్ని స్థలములు మనవి కావు. సెల్‌ఫోను కంపెనీలు ఒక్కొక్క భాగమునే కొనుచున్నవి. మన దేశమున 2022లో జరిగిన వేలములో 700 మెగాహెర్ట్సుల వరుస సెల్‌ఫోనులకు పోయినది. ఆ యేటనే అక్టోబరు 1వ తేదీన 5జీ సేవ లారంభమైనవి. అమెరికాలో ఇంతకుముందే 2010 జూను 12తో 700 వరుసలోను, 2020 జూలై 13తో 600 వరుసలో అధికభాగమునందును తీగలేని మైకుల వాడుక నిషేధింపబడినది. అచ్చట మూలబడిన సెట్లు మంచి పేరుగలవైనను చౌకగా దొరకును. విదేశమున నున్న బంధువులు ప్రేమతో సొంతయూరి మందిరమునకు అట్టిదానిని కానుకగా తెచ్చుట కలదు. కానుకను కాదనరాదు గాని, దాని వెనుక ముద్రించిన అంకెను చదువక సభకు పంపరాదు. అసలు అంకెయే ముద్రింపని మైకులు బజారులో కుప్పలుగా నున్నవి. వానిని నేను ముట్టను. మన దేశమున 865 నుండి 867 మెగాహెర్ట్సుల వఱకు గల వరుసను గూడ 2005లో స్వల్పశక్తి యంత్రములకు లైసెన్సు లేకుండ విడిచిరి. ఏ వరుసలోనిదైనను, ఇది మన ప్రభుత్వ నియమములకు లోబడినదేనని దుకాణదారునిచేత రసీదుపై వ్రాయించుకొనుట మంచిది. వ్రాయుటకు వెనుకాడువానియొద్ద కొనకుండుట ఇంకను మంచిది.

ఎన్ని మైకులు కొనవలెను? ఒక పెట్టెలో నాలుగు మైకులు చూపినప్పుడు మన పెద్దలకు ఆశ పుట్టును. రెండు చాలునని నా యభిప్రాయము. తెఱచియున్న మైకులు రెట్టింపైన కొలది లౌడుస్పీకరు మ్రోతయంతయు వానిలో దూరి కీచుమని కూత పెట్టుట ఎక్కువగును. ఎవరును పట్టుకొనక బల్లపై పడవేసిన మైకు గూడ వినుచునే యుండును గదా. మఱియొక కారణము కలదు. దానిని ఎనిమిదవ తరగతి విద్యార్థి యెవడైనను లెక్కవేయగలడు. 606, 607 మెగాహెర్ట్సులలో రెండు మైకులు దగ్గఱదగ్గఱగా పలుకుచున్నచో, వాని కలయికవలన రెండు దయ్యపు తరంగములు పుట్టును. 607ను రెండింతలు చేసి 606 తీసివేయగా 608; 606ను రెండింతలు చేసి 607 తీసివేయగా 605. మూడవ మైకును 608లో పెట్టినవానికి లేని మనుష్యుడు మాటాడినట్లు గరగరలు వినబడును. సమానమైన యెడముతో వరుసగా నుంచుట చూపునకు ముచ్చటగా నున్నను ఫలితమునకు చెఱుపు. పేరుగల కంపెనీలవారు ఏ యే అంకెలు కలిసి కాపురము చేయునో ముందే లెక్కకట్టి గుంపులుగా నేర్పఱచియుందురు. పౌనఃపున్యమును మార్చుటకు వీలు కలిగి, పిమ్మట ఆ మీటను తాళము వేసినట్లు బిగించుటకును వీలున్న సెట్టును నేను కోరుదును. మార్చుట నా పని; బిగించి పంపినచో అద్దెకు తీసికొనువానికి ఆ చింత యుండదు. మార్చ వీలులేని చౌకసెట్లు రెండు ఒకే వీధిలో, ఒకటి పెండ్లిపందిరిలోను, ఒకటి ప్రార్థన కూటములోను, పలికినప్పుడు పెండ్లివారు ప్రసంగము వినుటయు, ప్రార్థించువారు వియ్యపురాలి మాటలు వినుటయు అసంభవము కాదు.

ఇక మీటను గూర్చి. మైకులు చెడిపోయినవని నాయొద్దకు తిరిగి వచ్చినవానిలో పెక్కింటికి వచ్చిన రోగము మీట క్రిందికి జాఱియుండుటయే. కొన్నిటికి శక్తిని ఆపు మీట వేఱు, మాటను ఆపు మీట వేఱు. దీపము వెలుగుచుండగా మైకు పలుకకుండుట చూచి మహా బుద్ధిమంతులును దిగ్భ్రమ చెందుదురు. కావున ఒక్కటే మీట గలదానిని, అదియు వ్రేలితో గట్టిగా నెట్టిననే కదలుదానిని, ఎన్నుకొనవలెను. మీట వేసినప్పుడును, తీసినప్పుడును లౌడుస్పీకరులో 'ఫట్' మని ప్రేలుడు గాని, పిమ్మట బుసబుస గాని రాకూడదు. ఇందునకై మంచి సెట్లలో చెవికి వినబడని యొక గుర్తుధ్వనిని మైకు మాటతోకూడ పంపుచుండును. ఆ గుర్తు వినబడనిచో రిసీవరు నోరు మూసికొనును. ఈ గుణమును కాగితముమీద చదువనక్కఱలేదు. దుకాణములో లౌడుస్పీకరు పలుకుచుండగా మైకు మీటను పదిసారులు వేసి తీసిన చాలును.

సెల్లులు. ఇచ్చట నాకు పట్టుదల యెక్కువ. చదువరులు సైరింతురు గాక. లోపలనే బ్యాటరీ బిగించి, తీగతో చార్జి చేయు మైకులు నేడు ఆకర్షణీయములు. ఇంటిలో వాడుకొనువారికి మంచివే. అద్దెకు మాత్రము బజారులో దొరకు పెన్సిల్ సెల్లులు రెండు వేయునట్టివే నాకు సమ్మతము. లోపలి బ్యాటరీ సభ నడుమ అడుగంటినచో, దానిని చార్జికి పెట్టి సభవారిని గంటసేపు పాట పాడుచుండుడని చెప్పుటకు వీలులేదు. పెన్సిల్ సెల్లులైనచో కిరాణా కొట్టువాడు తలుపు తీసిన చాలును. ఐతే ఏ సెల్లులైనను సరిపోవు. గోడగడియారమునకు వేయు చౌకసెల్లు గడియారమును ఏడాది నడుపవచ్చును. మైకులో అది త్వరలోనే చచ్చును, ఏలయన గడియారము చుక్కచుక్కగా త్రాగును, మైకు కడవతో త్రాగును. ఆల్కలైను సెల్లులతో మంచి మైకులు ఎనిమిది గంటలు, అంతకు మించియు, పలుకును. మరల చార్జి చేయు నికెలు సెల్లులను వాడువారు ఒకటి యెఱుగవలెను: ఆల్కలైను సెల్లు 1.5 వోల్టులది, ఇది 1.2 వోల్టులది. అందుచే మైకుమీది దీపము నిండుసెల్లును చూచియు సగమే యున్నదని భయపెట్టవచ్చును. నేను పంపు ప్రతి పెట్టెలోను క్రొత్త సెల్లులు మైకులో నుండును. విప్పని మఱియొక జత ప్రక్కన నుండును. వాని ధర బాడుగలోనే కలిసియుండును.

రొమ్మున తగిలించు చిన్న మైకులను అద్దెకు పంపుట నాకిష్టము లేదు. ప్రసంగించు అయ్యగారికి రెండు చేతులును స్వేచ్ఛగా నుండునన్నమాట నిజమే. కాని దాని పెట్టెను నడుమున తగిలించుకొనుటకు చీర కట్టినవారికి నడికట్టేది? కొంగు రాచుకొనిన గరగర, గొలుసు తగిలిన టకటక. అంతకంటె గొప్ప చిక్కు దూరముది. నోటికి బెత్తెడు దూరమున నున్న చేతిమైకునకు అందు ధ్వనిశక్తిలో, జానెడు దూరమున నున్న రొమ్ముమైకున కందునది తొమ్మిదవ వంతు మాత్రమే. జాన బెత్తెడుకు మూడింతలు గదా, మూడుమూళ్లు తొమ్మిది. ఆ కొఱతను తీర్చుటకు ఆంప్లిఫయరు పెంచిన కూత బయలుదేఱును. దానిని అదుపులో నుంచుటకు పక్కన మనుష్యుడు కావలెను. ఆ మనుష్యుడు లేడనియే గదా మన ప్రస్తావము. చేతిమైకును గూడ పట్టుకొనుటలో విద్యార్థులు సినిమా గాయకులను చూచి తలమీది జాలీని పిడికిట మూయుదురు; అట్లు మూసినచో మైకు ఎదుటి మాటకును ప్రక్కల మ్రోతకును భేదము నెఱుగనిదై కూత పెట్టును. మఱికొందఱు అడుగున పట్టుకొందురు. పెక్కింటికి యాంటెనా యుండునది అచ్చటనే. అందుచే నేను మైకు నడుమున ఎఱ్ఱ టేపు చుట్టి, దానిని పట్టుకొనవలెనని చెప్పుచున్నాను. చెప్పిన మాట మఱతురు గాని టేపును మఱవరు.

టేపునకు మఱియొక యుపయోగము కలదు. ఎఱ్ఱ మైకునకు సరిపోవు మీటపై రిసీవరున ఎఱ్ఱ టేపు, పసుపు మైకునకు పసుపు టేపు. రిసీవరు పెట్టెలోనే బిగింపబడి, ఆంప్లిఫయరునకు పోవు తీగ ముందే తగిలింపబడి యుండును. కరెంటు తీగను గోడకు పెట్టుట, రెండవ తీగను ఆంప్లిఫయరునకు పెట్టుట, ఇంతే అద్దెకు తీసికొనువాని పని. మూత లోపల పెద్ద యక్షరములతో నొక అట్ట అంటించియున్నాను. మైకు మీటను పైకి నెట్టుడు. నోటికి బెత్తెడు దూరమున పట్టుడు. పలుకకున్న తీగమైకు తీసికొనుడు. అంతకంటె నెక్కువ వ్రాసిన చదువరు. మొదట పండ్రెండు వాక్యములు వ్రాసిన అట్టలు ఇతరుల పెట్టెలలో చూచియున్నాను. అవి మడత విప్పకయే క్రొత్తవిగా నిలిచియున్నవి.

తీగమైకంటిని. ప్రతి పెట్టెలోను పది మీటర్ల తీగతో నొక మామూలు మైకు, ఒక స్టాండు తప్పక పంపుదును. కొందఱికి తీగలేనిది ఈయనే యీయను. ఒక సాయంకాలము ఒక వృద్ధుడు వచ్చి, తన కుమారుని జ్ఞాపకార్థ కూడికకు మంచి తీగలేని మైకు కావలెనని యడిగెను. మాటాడువారెవరని విచారించితిని. "పాస్టరుగారు మాటాడుదురు బాబూ. కడపట నేనును నాలుగు మాటలు చెప్పుకొనవలెను. నా చేతులు వణకును. అందుచేత తేలికైనది యిమ్ము" అనెను. వణకు చేతికి తేలికైన మైకు ఆధారము కాదు. బరువైన స్టాండు ఆధారము. ఆయనకు స్టాండుమీది తీగమైకునే యిచ్చి, దానిని ఆయన యెత్తునకు సరిచూచి, మరను బిగించి పంపితిని. బాడుగయు సగమే. కూడికకు పోయిన మా బంధువొకడు చెప్పెను: ఆయన మాటాడినంతసేపు రెండు చేతులతోను స్టాండు కఱ్ఱను పట్టుకొనియే యుండెనట, నాలుగు మాటలని లేచినవాడు అరగంట మాటాడెనట, వెనుక వరుసవఱకు వినబడెనట.

తీగలేని మైకునకు నిజమైన పరీక్ష శుభ శుక్రవారపు ఆరాధన. మధ్యాహ్నము 12 గంటలనుండి 3 గంటలవఱకు, సిలువపై పలికిన ఏడు మాటలపై ఏడుగురు ప్రసంగింతురు. ఒకరు పొడవరి, ఒకరు పొట్టి. ఒకరి కంఠము ఉఱుము, ఒకరిది గుసగుస. నడుమ నడుమ పాటలు. మైకు చేతులు మాఱుచునే యుండును. ఎండ తీవ్రత, పంకాల గాలి, అది జాలీలో దూరిన 'బుస్సు' మను మ్రోత. ఏడుగురిలో నలుగురైనను మైకును వ్రేలితో తట్టి, "హలో" అని ఊది చూతురు. అట్టి మూడు గంటలను ఎవరును మీట ముట్టకుండ దాటిన సెట్టును నేను నమ్ముదును. కొనువారు దుకాణదారుని అడిగి, ఒక్క ఆదివారమైనను నిండు మందిరములో వాడిచూచి సొమ్ము చెల్లించుటకు ఒప్పించుకొనగలిగినచో, నేను ఇంతవఱకు వ్రాసినదానిలో సగము చదువనక్కఱలేదు.

పెట్టె తిరిగి వచ్చినప్పుడు చేయు పనులు కొన్ని కలవు. సెల్లులు తీసివేయుట, మఱచినచో అవి కాఱి లోపలి యిత్తడిని తినివేయును. జాలీని విప్పి, లోపలి స్పాంజిని సబ్బునీట కడిగి, నీడను ఆరబెట్టుట. 2020 మొదలు ఈ పనిని అడిగి తెలిసికొనువారు ఎక్కువైరి, సంతోషమే. కాని అన్నిటికంటె ముందు నేను చూచునది తీగమైకుయొక్క తీగచుట్ట. దానిని నేను నా పద్ధతిని చుట్టి, తెల్లని నాడాతో జారుముడి వేసి పంపుదును. ఆ ముడి యట్లే యున్నచో పెట్టెను బల్లపై పెట్టి అద్దె పుస్తకములో వ్రాసికొందును. ముడి విప్పబడియున్నచో, తెచ్చినవారిని కూర్చుండబెట్టి, మంచినీళ్లిచ్చి, ఏ పాటకు, ఎవరు మాటాడుచుండగా, ఎచ్చట నిలిచియుండగా మాట తెగినదో అడుగుదును.